తాత కంచు పళ్ళెం

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. బతుకంతా పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. మా ఊరు గరాచర్మలో ఎవరైనా ఆ ఊసెత్తితే లేచి వచ్చేస్తాను. అలాంటి నేనే ఇది రాస్తున్నాను, ఏం చేస్తాం!

మా అమ్మ తండ్రి యుద్ధానికి ముందే శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చి చేపలు పట్టి బతికాడు. జపాన్ సైన్యం వచ్చాక కొండమీద బంకర్ కట్టడానికి ఆయనతో రాళ్ళు మోయించారు. బాంబులు వేసే విమానాల మోత వినబడితే చాలు, తాను అన్నం తినే కంచు పళ్ళెం మీద రెండు దెబ్బలు కొట్టి, ఆగి, మరొకటి కొట్టేవాడట. చేతిలో ఉన్నది వదిలేసి కొండెక్కమని అర్థం. సైనికులు తన్నినా ఆ పని మానలేదు.

ఆయన పోయాక ఏటా ఆయన తిథి నాడు మా అమ్మ ఆ పళ్ళెం అలాగే కొట్టేది. తీరంలోని మా బస్తీ అంతా బంకర్ దాకా ఎక్కి, పులిహోర తిని దిగేవాళ్ళం. పిల్లలకు అదో సరదా. తర్వాత పళ్ళెం రేకు పెట్టెలోకి పోయేది. పెట్టె తాళంచెవి అమ్మ మెడలో ఉండేది.

సునామీ వచ్చింది ఆదివారం పొద్దున్న. భూమి ఊగితే అందరం బయటికి ఉరికాం. కాసేపటికి సముద్రం వెనక్కి పోయింది. బురదలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. చేపలవాళ్ళం, చూస్తూ ఊరుకుంటామా! సునామీ అన్న మాటే అప్పటికి మాలో ఎవరికీ, సైన్సు చెప్పే నాకు కూడా, తెలియదు.

"దీదీ, జల్దీ రా, బుట్ట తే!" అని పక్కింటి అమ్మాయి నన్ను లాక్కుపోయింది. మా అమ్మ ముసలిదైనా అందరికన్నా ముందు, చాలా దూరంలో ఉంది.

అప్పుడు కొండమీంచి వినబడింది. రెండు దెబ్బలు. ఆగి, మరొకటి.

అమ్మ బుట్ట విసిరికొట్టింది. "ఓలమ్మా, మా అయ్య పల్లెమర్రా! అన్నీ వొగ్గీసి ఎక్కండి!"

ఎందుకని ఎవరూ అడగలేదు. ఏటా ఎక్కే కాళ్ళే కదా, పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తాం. అమ్మను నేనూ పక్కింటి అమ్మాయీ చెరో రెక్కా పట్టి ఈడ్చుకొచ్చాం. బంకర్ చేరి వెనక్కి చూస్తే మా ఇళ్ళమీద నీళ్ళు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకున్నాం. అందరూ పలికారు.

బంకర్లో మాత్రం ఎవరూ లేరు. లోపలి దుమ్ములో అడుగు ముద్ర కూడా లేదు.

నీళ్ళు తీశాక మా రేకు పెట్టె కొబ్బరి చెట్ల మధ్య దొరికింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. అమ్మ తన మెడలోని తాళంచెవితో తీసింది. పళ్ళెం లోపలే ఉంది.

సహాయ శిబిరంలో, కొండమీద కొట్టింది ఎవరని ఒక్కొక్కరినీ నిలదీశాను. అందరూ బురదలోనే ఉన్నారట. గాలికి ఏ రేకో కొట్టుకుని ఉంటుందని నాకు నేనే చెప్పి చూశాను. రేకు రెండు కొట్టి, ఆగి, మూడోది కొడుతుందా?

యుద్ధం గురించి ఇక్కడ పెద్ద పెద్ద శిలాఫలకాలున్నాయి. మా తాత పేరు దేనిమీదా లేదు. ఒకప్పుడు అందుకు మండిపడేదాన్ని. ఇప్పుడు ఆయన మనవరాలినని తలెత్తుకు చెప్పుకుంటాను. ఆ రోజు చంకనెక్కిన పిల్లలు ఇవాళ తమ పిల్లల్ని ఎత్తుకుని ఆ కొండ ఎక్కుతున్నారు.

అమ్మ పోయాక పళ్ళెం కొట్టేది నేనే. కొట్టి ఆపగానే అందరూ కదలకుండా నిలబడి కొండవైపు చెవి పెడతారు. దయ్యాల్ని నమ్మని ఈ సైన్సు టీచరు కూడా పెడుతుంది.