రెండు మొక్కులకు ఒకే తల

ఏడుకొండలవైపు తిరిగి, చెప్పులు విడిచి, చేయి నెత్తిన పెట్టుకుని చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి, ఒట్టు ఒట్టే.

మొన్న చిత్తూరులో మా గోవిందు మామ ఇంటికి వెళ్తే, ఆయన మనవడు కొట్టంలో మూలపడ్డ పాత టూ స్ట్రోక్ బండిని బాగుచేయించి స్టార్ట్ చేస్తున్నాడు. నీలం పొగ వాకిలంతా కమ్మింది. కాలిన ఆయిలూ పెట్రోలూ కలిసిన ఆ వాసన తగలగానే నా చేయి దానంతటది నెత్తి మీదికి పోయి వెంట్రుకలు ఎంత పెరిగాయో తడిమి చూసుకుంది. యాభై దాటినా ఈ అలవాటు పోలేదు.

నా పదేళ్లప్పుడు మా నాయనకు బెల్లం మండీ ఎంతో, మట్టి పందేలు అంతకు రెండింతలు. శివరాత్రి దాటి చెరువులు ఎండి నెర్రెలిచ్చాక ఆ అడుగునే చదును చేసి, సున్నంతో గీతలు గీసి, మలుపుల్లో ఇసుక మూటలు పేర్చి మోటారు సైకిళ్ల పందేలు పెట్టేవారు. మొదటి వాన పడేదాకా అదే మా కాలం. అమ్మ తమ్ముడైన గోవిందు మామ పందెగాడు, నాయన అతని వీరాభిమాని, నేను నాయన వెనక తోకను. మండీ లారీలో బెల్లం దిమ్మెల మధ్య మామ బండిని తాళ్లతో బిగించి, దాని పక్కనే మేమూ ఇరుక్కుని వెళ్తుంటే, ఎండకు కరిగిన బెల్లం చొక్కాలకు అంటుకునేది, బెల్లానికి ఈగలు అంటుకునేవి, మా అందరికీ కలిపి ఎర్రమట్టి అంటుకునేది. దారిలో లారీ ఆపించి తినే తాటిముంజలు, ఉప్పూకారం అద్దిన పుల్లమామిడి ముక్కలు, అమ్మ అరిటాకులో కట్టిచ్చిన చిత్రాన్నం, అన్నిటికీ ఆ మట్టి రుచే.

వినడానికి తిరునాళ్లలా ఉంటుంది గానీ నాకు మాత్రం ఆ ఎండాకాలమంతా నెత్తి తడుముకోవడంతోనే సరిపోయేది. కారణం నాయన మొక్కులు.

మొదటి పందెం సత్యవేడు దగ్గర. బండ్లు వరసగా నిలబడి గుర్రుమంటుంటే నాయన కళ్లు మూసుకుని నా తల మీద చేయి పెట్టాడు. "స్వామీ, మా బామ్మర్ది ఒంటికి దెబ్బ తగలకుండా దిగితే వీడి తలనీలాలు నీకే."

మామ దుమ్ములో మునిగి, పళ్లు తప్ప ఒళ్లంతా ఎర్రగా మారి నవ్వుకుంటూ దిగాడు. ఆ వారంలోనే కొండెక్కించి నాకు గుండు కొట్టించారు. తర్వాత నాయుడుపేట. నెత్తిన రాగి మొలకల్లా నాలుగు వెంట్రుకలు లేచాయో లేదో, నాయన చేయి అలవాటుగా అక్కడికే వచ్చింది, నోరు అదే మొక్కు మొక్కింది. మామ మళ్లీ క్షేమంగా దిగాడు. స్వామి తన పని తాను చేశాడు. ఇవ్వడానికి నా తల మీదే ఏమీ లేదు.

"ఉండేది ఒక తల. దాని మీద ఎన్ని మొక్కులు మొక్కుతావయ్యా? పిడికిట్లో పట్టేంతన్నా లేకుండా ఏం మొగం పెట్టుకోని కొండెక్కేది?" అని అమ్మ నిలదీసింది.

"ఎంటికలు మళ్లా మొలుస్తాయిలేమే. ఎముకలు మొలుస్తాయా?" అన్నాడు నాయన, జేబులోంచి దువ్వెన తీసి తన ఉంగరాల జుట్టును వెనక్కి దువ్వుకుంటూ. ఆ జుట్టంటే ఆయనకు ప్రాణం. ఏ మొక్కులోనూ దాని ఊసు తెచ్చేవాడు కాదు.

బాకీపడ్డ మొక్కు నెత్తిన ఉండగా మామ పుత్తూరు పందేనికి దిగితే ఏమవుతుందో నాకెవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున లేస్తూనే ఆముదం రాసుకునేవాణ్ణి. మేత మేసినట్టు కరివేపాకు నమిలేవాణ్ణి. గంగ జాతర వచ్చి వీధిలో పిల్లలంతా ముఖాలకు రంగులు పూసుకుని వేపమండలతో గంతులేస్తుంటే, అంబలి కుండల చుట్టూ ఉల్లిపాయల వాసన ఊరిస్తుంటే, నేను అద్దం ముందు కూర్చుని వెంట్రుకలను వేళ్లతో పైకి లాగుతూ ఉన్నాను. చివరికి చైనుకు గ్రీజు పెడుతున్న మామ దగ్గరికే వెళ్లాను.

"మామా, పుత్తూరుకు పోవద్దు. నా ఎంటికలు ఇంకా పెరగలేదు."

"అట్లయితే నీ ఎంటికలు పెరిగేదాకా పందెం ఆపమని అర్జీ పెడదామా అల్లుడా?" అని మామ నవ్వి, గ్రీజు వేలితో నా ముక్కు మీద చుక్క పెట్టాడు.

పుత్తూరులో నేనొక ఎత్తు వేశాను. నాయన ఇంకో మొక్కు మొక్కకుండా ఆయన ఎర్ర తువ్వాలునే నెత్తికి పాగా చుట్టి ముడి మీద ముడి వేశాను. ఎప్పటిలా కష్టమైన మలుపు దగ్గరే నిలబడ్డాం. బండ్లు దూసుకొచ్చాయి, దుమ్ము లేచింది, దుమ్ములోంచి ఒక్కొక్క బండే బయటికి వచ్చింది. మామ బండి రాలేదు. నాయన చేయి నా తల కోసం వెతికింది, తువ్వాలును తాకింది, ముడి విప్పలేక కాసేపు గాల్లో ఆగి, మెల్లగా తన ఉంగరాల జుట్టు మీదికి వెళ్లింది. పెదవులు కదిలాయి. "ప్రాణంతో బయటికి రానీ సామీ."

ఇద్దరు మామను నడిపించుకుంటూ వచ్చారు. కుడిచేయి వేలాడుతోంది. ఎముక విరిగితే కట్టు కోసం దేశమంతా పుత్తూరుకు వస్తుంది, మా మామ పుత్తూరుకు వచ్చి మరీ విరగ్గొట్టుకున్నాడు. ఆకు పసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు కడుతుంటే నేను గడప అవతలే నిలబడ్డాను. నావల్లే అని ఎవరో ఒకరు అంటారని తువ్వాలును ఇంకా కిందికి లాక్కున్నాను. అప్పుడు మామ నన్ను పిలిచాడు.

"నాయుడుపేటలో మలుపు కాడ నీ గుండు తళతళా మెరస్తా ఉంటే దాన్ని సూసే బండి తిప్పినా. ఈ పొద్దు ఆ గుండు యాడ దాసిపెట్టినావురా అల్లుడా?"

కట్టు కట్టే ఆయనతో సహా అందరూ నవ్వారు. ఏడుస్తూ నేనూ నవ్వాను.

కట్టు విప్పాక, నా వెంట్రుకలూ పిడికిట్లోకి వచ్చాక, నాయనా నేనూ కొండ మీద పక్కపక్కన కూర్చుని గుండు గీయించుకున్నాం. ఆ ఉంగరాలు తడిసి ముద్దగా ఆయన ఒళ్లో పడ్డాయి. ఆ తర్వాత చాలాకాలం నాయన జేబులోంచి దువ్వెన తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టుకునేవాడు.

ఇప్పుడు నాయన లేడు, మండీ లేదు. పందేలు పెట్టిన చెరువుల్లో కొన్ని ఇళ్ల స్థలాలయ్యాయి, మిగతావాటిలో తుమ్మచెట్లు మొలిచాయి.

ఒట్టు వేశాను గనుక ఇది కూడా చెప్పాలి. కట్టు కట్టేచోట మామ నా గుండు మాటే ఎత్తలేదు. నొప్పికి పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు, నావైపు చూడనే లేదు. ఆ మాటలు ఇంటికొచ్చాక నేనే అల్లుకున్నాను. బడిలో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, చెప్పీ చెప్పీ నిజమని నిలబెట్టాను.

మొన్న ఆ నీలం పొగలో మంచం మీద లేచి కూర్చుని, వానకు సలిపే కుడి భుజం రుద్దుకుంటూ మామ మనవడితో అంటున్నాడు: "ఇదో, వీడి గుండు సూసే అప్పుడు నేను బండి తిప్పేది. పుత్తూరులో గుడ్డ సుట్టుకోని నన్ను పడేసినాడు."

నేను కాదనలేదు. నెత్తి మీదున్న చేయి మెల్లగా దించుకున్నాను.