మాస్టర్ ఫోటో కార్డు

ప్రొద్దుటూరు పరమేష్ మాస్టర్ ఆర్కెస్ట్రా అంటే కడప, కర్నూలు జిల్లాల్లో తిరునాళ్ళు జరిపే ఊళ్ళన్నిటికీ తెలుసు. ప్రసన్నకుమారి అందులో గాయని. చర్చిలో పాడుకుంటున్న పిల్లను మాస్టరే పిలుచుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు. ఇప్పుడామెకు యాభై దగ్గరపడుతున్నాయి. మోకాళ్ళ నొప్పులు. వ్యాన్ ఎక్కాలంటే ఒకరు చెయ్యి అందించాలి.

మాస్టర్‌కు ఒక పట్టింపు ఉండేది. కొత్త సంవత్సరానికి ప్రతి ఊరి తిరునాళ్ళ కమిటీ పెద్దకూ పోస్టులో గ్రీటింగ్ కార్డు పోవాలి. దాని మీద ఆయన ఫోటో: తెల్లకోటు, ఉంగరాల జుట్టు, పైకెత్తిన రెండు చేతులు, కుడిచేతిలో తాళం చూపే సన్నటి పుల్ల. "ఫోన్లో వచ్చింది వేలితో తోసేస్తారు. పోస్టుమ్యాన్ తెచ్చింది గోడకు పెట్టుకుంటారు" అనేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మాస్టర్ పోయాడు. పెండ్లాం బిడ్డలు లేని మనిషి. ఎవరినీ రానివ్వని రోజులు. ట్రూపువాళ్ళే నలుగురు దూరంగా నిలబడి సాగనంపారు. మళ్ళీ తిరునాళ్ళు మొదలయ్యాక, కీబోర్డు వాయించే ధనుంజయ అన్నాడు: "అక్కా, మాస్టర్ లేడని తెలిస్తే మనల్ని ఎవరు పిలుస్తారు?" వాదించే ఓపిక ఆమెకు లేదు. ఏటా ఎప్పటిలా ఆయన ఫోటోతోనే కార్డులు అచ్చేయించి పంపింది. మాస్టర్ ఏడని అడిగినవాళ్ళకు ఒంట్లో బాగలేదని చెప్పుకొచ్చింది.

అట్లా రెండేళ్ళు గడిచాక, ఒక ఎండాకాలం, కరోనా తర్వాత మళ్ళీ పోని ఒక ఊరికి, కోవెలకుంట్ల దగ్గరికి పోయారు. పొద్దు వాలుతుండగా స్పీకర్లు దించుతుంటే కమిటీ పెద్ద తిమ్మయ్య వచ్చాడు.

"మాస్టర్ యాడమ్మా? వ్యాన్లో కూడా కనపడ్లేదే?"

అలవాటైన అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆరోజు చెప్పబుద్ధి కాలేదు.

"లేడన్నా. కరోనాలో పోయినాడు."

తిమ్మయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "మొన్న జనవరిలో కార్డు వచ్చిండాదే!"

"నేనే పంపినా. ప్రోగ్రాం వద్దంటే సామాను మళ్ళీ ఎత్తుకుంటాం."

"ప్రోగ్రాం సంగతి ఎవరడిగినారమ్మా? ఇన్నేండ్లు మా ఇంట్లో బువ్వ తిన్న మనిషి. సావు కబురు చెప్పాల్సిన పని లేదా? మేం పరాయోల్లమా?"

"ఎవర్నీ రానియ్యలేదన్నా."

"రాకుంటే రాకపోతిమి. తెలిసింటే ఆ పొద్దు తలకన్నా పోసుకుంటిమి."

విసురుగా వెళ్ళిపోయాడు. ఇక పంపించేస్తారనే అనుకున్నారు ట్రూపువాళ్ళు. కాసేపటికి తిమ్మయ్య తిరిగి వచ్చాడు. తలకు పోసుకున్నాడు. జుట్టు నుంచి నీళ్ళు కారి చొక్కా భుజాలు తడిసిపోయాయి. పోయి ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రసన్నకుమారి మైకు పట్టుకుని ఆ తడిసిన భుజాలనే చూస్తూ ఉండిపోయింది. ధనుంజయ మొదటి పాట ఎత్తుగడ రెండుసార్లు వాయించాల్సి వచ్చింది.

కబురు ఊరూరా పాకింది. రోజూ ఫోన్లు. ఎట్ల పోయినాడు, ఏ ఆసుపత్రి, కడసారి ఏమన్నా అన్నాడా? ఏండ్ల కింద అయిపోయిన చావును ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు ఏడిస్తే ఆమే ఓదార్చాల్సి వచ్చింది. కొన్ని ఊళ్ళు వేరే ట్రూపును మాట్లాడుకున్నాయి.

డిసెంబరులో ధనుంజయ ఆమెను ఫోటో స్టూడియోకు లాక్కుపోయాడు. "ఇంక నీ ఫోటోనే వెయ్యాలక్కా." చేతులెత్తమన్నారు, నవ్వమన్నారు. ఫోటో చూసుకుంటే, పోయే బస్సును ఆపుతున్న మనిషిలా ఉంది. "వద్దులే నాయనా" అని ఇంటికొచ్చి పడుకుంది.

ఆ జనవరిలో కార్డులు పోలేదు. పండగలన్నీ అయిపోయాక తిమ్మయ్య ఫోన్ చేశాడు.

"ఈ తూరి కార్డు రాలేదేమమ్మా? నువ్వన్నా బాగుండావా?"

"బాగుండాన్నా. శానా అలిసిపోయినా, అంతే."

"తిరునాళ్ళకు రా. కుర్చీ ఏపిస్తా, కూచోని పాడుదువు."

పోయింది. నవారు అల్లిన కుర్చీ వేశారు. కూర్చునే పాడింది. పై స్థాయి పాటలు అందలేదు. అందినవి పాడి, మిగతావి ధనుంజయ కీబోర్డుకు వదిలి కళ్ళు మూసుకుంది. తొందరగా ముగించమని గానీ ఇంకా పాడమని గానీ ఎవరూ అనలేదు.