ఆరు నెలలకొక ఫొటో

మా అమ్మాయికి పదమూడో ఏట ఎడమ భుజం మీద గోధుమరంగు మచ్చ వచ్చింది. అరచేయంత. మురికనుకుని సున్నిపిండి పెట్టి రుద్దాను. పిల్ల గగ్గోలు పెట్టింది గానీ మచ్చ కదల్లేదు.

మాదాపూర్‌లో చర్మం డాక్టరమ్మకు చూపించాం. లైటున్న చిన్న భూతద్దం ఆనించి చూసి, "ఏం ఫికర్ లేదమ్మా. ఈ వయసుల కొందరికి వస్తది. జర పెరుగుతది, ఆగిపోతది. ఆరు నెలలకొక ఫొటో తియ్యండి, పక్కన స్కేలు పెట్టి. గంతే" అన్నారు.

గంతేనట! ఏమీ లేకపోతే ఫొటో ఎందుకు? ఫొటో తీయమన్నారంటే ఏదో ఉన్నట్టేగా? నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పు దొరికేదాకా నాకు అన్నం సయించదు. ఆరు నెలలకొకటి అన్నది ఆదివారానికొకటి చేశాను. బాల్కనీలో తీస్తే మచ్చ లేతగా ఉండేది, ట్యూబులైటు కింద నల్లగా. పెరిగిందా, నేనే దగ్గరగా తీశానా? ఎంత చూస్తే అంత అయోమయం.

ఆ అయోమయంలోనే ఓ ఘనకార్యం చేశాను. తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్లం ప్లంబరు కావాలన్నా, పాలు రాకపోయినా వాట్సాప్ గ్రూపులోనే అడుగుతాం. అలవాటు కొద్దీ రెండు ఫొటోలు పెట్టి, "ఇది పెరిగినట్టుందా అండీ?" అని రాశాను. కొందరు పెరిగిందన్నారు, కొందరు లేదన్నారు, ఒకావిడ కలబంద రాయమంది. ముఖం కనపడలేదుగా అని నా ధీమా. పక్కకు లాగిన, పిల్ల రోజూ ఆటకు వేసుకెళ్లే బ్యాడ్మింటన్ జెర్సీ కనపడుతోందని నాకు తట్టి చావలేదు.

మర్నాటి నుంచి పిల్ల ఆటకు వెళ్లడం మానేసింది. మోకాలు నొప్పంది. నిజమేననుకుని తైలం రాశాను.

ఆరు నెలలకు మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ నా ఫోనులో ఫొటోల వరస చూసి, "ఇన్నేందమ్మా!" అని నవ్వి, పిల్లవైపు తిరిగారు. "దురద గిట్ల ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"లేదు మేడమ్. కానీ నేను ఆడటం మానేశాను. అందరూ చూసేశారు."

"అందరంటే ఎవరు?"

"అమ్మ గ్రూపులో ఉన్నవాళ్లు. వాళ్ల పిల్లలు."

నా వంక చూడకుండానే చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. మచ్చ పెరిగిందో లేదో డాక్టరమ్మ వివరంగా చెబుతూనే ఉన్నారు. నాకు ఒక్క ముక్క కూడా ఎక్కలేదు.