నిన్నటి పులుసు

నేను అయ్యవారిగా పనిచేసిన ఊళ్ళో బడి కప్పు కారుతోందని రెండేళ్ళు మొత్తుకున్నాను. ఆ విషయంలో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేకపోయింది. అదే ఊళ్ళో భోజనాల హోటలొకటి తెరిస్తే, మొదటి బంతి లేవకముందే ఊరంతా అభిప్రాయాలతో నిండిపోయింది. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ ఊరు ముత్తుకూరు దాటాక, ఉప్పు పడవలు నడిచే కాలువ గట్టున ఉండేది. అరవైల మొదట్లో మాట. నాకింకా పెళ్ళి కాలేదు, వంట రాదు. మాది పైన వరి పండే ఊరు. నేను సొంతంగా వండుకు తింటున్నానని అమ్మకు ప్రతి ఉత్తరంలోనూ రాసేవాణ్ణి. కిరస్తానం వాళ్ళ హోటల్లో రెండు పూటలా తింటున్నానని రాస్తే ఆమె మనసు కష్టపడుతుంది కదా. కడుపు నిండా తిని వచ్చి అబద్ధం రాయడం నాకు పెద్ద కష్టంగా ఉండేది కాదు.

హోటలు పెట్టినాయన ఇరవై ఏళ్ళు నెల్లూరులో ఒక దొరసాని బంగళాలో వంట చేసినవాడు. ఊళ్ళో ఆయన్ని బట్లరనేవాళ్ళు. నేను అన్నా అనేవాణ్ణి. దొరసాని ముసలిదై సొంత దేశానికి ఓడెక్కింది. పోతూ నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు, పింగాణీ పళ్ళాలు ఆయనకు ఇచ్చిపోయింది. ఆయన వాటిని బండి మీద భార్య ఊరికి తెచ్చి, ఇంటి ముందు తాటాకు పంచ దించి, బల్లల మీద తెల్లగుడ్డలు పరిచాడు. ఇత్తడి గుండీల తెల్లకోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఉప్పు పడవల వాళ్ళు ఆ కోటుని చూసి ఆస్పత్రి అనుకుని, జబ్బు చేసినవాళ్ళని తప్ప లోపలికి రానివ్వరేమోనని మొదటిరోజు బయటినుంచే వెళ్ళిపోయారు.

ఈ హోటలు నడవడం ఎందుకు అవసరమో నాకు ఆయన భార్య చెప్పింది. నేను హోటల్లో భోజనానికి కుదిరిన మూడో రోజు, బావి దగ్గర బియ్యం కడుగుతూ చెప్పింది. "మద్రాసులో దొరసానికి తెలిసినోళ్ళు ఈయన్ని రమ్మని జాబు రాసినారు అయ్యవారూ. గది ఒక్కడికే ఇస్తారంట. పండగ దాకా చూస్తా, హోటలు నడవకపోతే పోతా అన్నాడు. పెళ్ళై ఇరవై ఏండ్లు. బంగళాలో ఉండి నెలకో ఆదివారం వొచ్చేవోడు. వరసగా నెల రోజులు ఇంట్లో ఉండింది ఇప్పుడే." చెప్పి, బియ్యం కుండ నడుమున పెట్టుకుని పోయింది. ఆ పండగ అంటే క్రిస్మస్. అప్పటికి మూడు నెలలుంది.

కాబట్టి నాకు అన్నీ తెలుసు. తెలిసి కూడా నేను వంకలు పెట్టాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తరవాత చెప్పేది తేలికవుతుంది.

బట్లరు వడ్డన బంగళా పద్ధతి. ముందు సూపు వచ్చేది. పడవల మేస్త్రి ఒకాయన, గడ వేసి వేసి అరచేతులు చెక్కలైపోయినవాడు, మూడో రోజున ధైర్యం చేసి లోపలికొచ్చాడు. కుర్చీ మీదికి కాళ్ళు రెండూ ఎత్తి బాసింపట్టు వేసుకున్నాడు. ముందు పెట్టిన సూపుని వాసన చూసి, "జొరమొచ్చినోళ్ళకు పెట్టేది నాకెందుకబ్బా, నాకేం రోగం" అన్నాడు. బట్లరు కప్పు తీసేసి అన్నం తెచ్చాడు. తీసేసినందుకు కూడా మేస్త్రికి కోపం వచ్చింది. తన వాటాది తనకు రాకుండా పోయిందని ఊరంతా చెప్పుకున్నాడు.

పాస్టరు గారు వచ్చిన రోజున అందరం మర్యాదగా కూర్చున్నాం. ఆయన పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, దేశంలో ఉన్న రోగులనీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ, ప్రభుత్వంలో ఉన్నవాళ్ళనీ ఎవరినీ వదలకుండా తలుచుకుని ఆమెన్ అనేసరికి కట్లెట్ చల్లారింది. ఒక ముక్క కొరికి, "వేడిగా ఉంటే బాగుండేది" అన్నారు. తరవాత మా అందరి వైపూ తిరిగి, "ఏమైనా, దొరసానమ్మ బంగళాలో ఒకసారి తిన్నాను కట్లెట్. ఆ రుచే వేరు. మనవాళ్ళ చేతికి అది రాదు" అన్నారు. ఆ కట్లెట్ వండిన చేయి అప్పుడు ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తోంది. "అవునయ్యా" అన్నాడు బట్లరు.

మోతుబరి గారి సంగతి వేరు. ఊళ్ళో సగం మాగాణి ఆయనది. ఆయన హోటలు గడప తొక్కితే ఊరు ఏమైపోతుందోనని తొక్కలేదు. పాలేరు చేత పెద్ద కారియరు పంపేవాడు. ఇంటికి పరాయి ఊరి చుట్టాలు వచ్చారనీ, వాళ్ళకోసమనీ చెప్పించేవాడు. ఆ రోజుల్లో ఆయన ఇంటికి రోజూ చుట్టాలే. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "నేనైతే నోట పెట్టలేదు. మా చుట్టాలన్నారు, మాంసం పట్నం మాంసం లాగుండాది, కారం తగల్లేదంట" అనేవాడు. చెప్పేటప్పుడు నాలుకతో పంటి సందుల్లో వెతుక్కుంటూ ఉండేవాడు.

ఇవన్నీ బట్లరు ఓర్చుకున్నాడు. సూపు మానేశాడు. ముళ్ళ చెంచాలు లోపల పెట్టేశాడు. కుర్చీలు మూడు వంతులు తీసి పీటలు వేశాడు. ఒక్క దగ్గర మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. అది చేపల పులుసు.

నెల్లూరు సీమలో పులుసు వండిన పూటే తినడం ఇంటికి చుట్టం హఠాత్తుగా వస్తే చేసే పని. పద్ధతైన ఇంట్లో ముందురోజు వండి, మట్టి దాకలో మూలన పెట్టి, కదిలించకుండా మర్నాడు తింటారు. అప్పటికి మామిడికాయ పులుపు ముక్కలోకి దిగుతుంది, మెంతి వాసన పైకి తేలుతుంది. ఇది తెలియని మనిషి ఆ జిల్లాలో లేడు. బట్లరుకీ తెలుసు. కానీ దొరసాని దగ్గర ఇరవై ఏళ్ళు నేర్చుకున్న మొదటి పాఠం, నిన్నటిది ఏదీ బల్ల మీదికి రాకూడదని. పంచ స్తంభానికి పలక కట్టి, "ఏ పూట వంట ఆ పూటే. నిన్నటిది ఉండదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. పట్నంలో ఈ మాట రాస్తే జనం మెచ్చుకుంటారు. ఇక్కడ చదువొచ్చిన ప్రతివాడూ పలక చదివి, చదువురానివాళ్ళకు వినిపించి, ఇద్దరూ కలిసి వెనక్కి తిరిగేవాళ్ళు.

"ముక్క ముక్కగానే ఉండాది, పులుసు పులుసుగానే ఉండాది, రెండూ మాట్లాడుకోవడం లేదు" అన్నాడు పడవల మేస్త్రి. చుట్టాలు కూడా అదే అన్నారని మోతుబరి చెప్పాడు. పాస్టరు గారు మాత్రం శుభ్రత మంచిదేనని చెప్పి, ఇంటికి పోయి నిన్నటి పులుసు తిన్నారు. ఇక నేను. నేను ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. రోజూ తింటూ, రోజూ చెప్పాను. "అన్నా, జనం నాలుకని బట్టి పోవాల" అన్నాను.

"నిన్నటి కూడు పెట్టేదానికి నేనెందుకు అయ్యవారూ? దానికి దాక చాలు" అన్నాడు ఆయన.

నవంబరు వానలకి కాలువ నిండి పడవలు ఎక్కువయ్యాయి, హోటల్లో మనుషులు తక్కువయ్యారు. కొన్ని పూటలు నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఎదురుగా తెల్లకోటులో ఆయన నిలబడితే నేను పళ్ళెంలోకే చూస్తూ తినేవాణ్ణి. లోపల ఆమె గిన్నెలు అవసరం లేకపోయినా తోమేది.

డిసెంబరు మొదట్లో నెల్లూరులో చర్చి సంఘం వాళ్ళ మీటింగుందని ఆయన శుక్రవారం పొద్దున బస్సెక్కాడు. శనివారం సాయంత్రానికి వస్తానన్నాడు. బస్సు మలుపు తిరగ్గానే ఆమె రేవుకి పోయి కొర్రమేను తెచ్చింది. ఆ రోజు హోటల్లో పప్పూ అన్నమే పెట్టింది. పులుసు తన ఇంటి పొయ్యి మీద, తన దాకలో వండి మూలన పెట్టింది. శనివారం మధ్యాహ్నం మూత తీసింది.

ఆ మధ్యాహ్నం గురించి నేను మర్యాదగా చెప్పలేను. వాసన గట్టుదాకా పోయింది. మేస్త్రి తిని, పోయి, తన పడవల వాళ్ళందర్నీ పిలుచుకొచ్చాడు. పలక మీది అక్షరాల కిందే నిలబడి నిన్నటి పులుసు లొట్టలేసుకుంటూ తిన్నారు. మోతుబరి గారి కారియరు రెండుసార్లు వచ్చింది. మూడోసారి కారియరు రాలేదు, మోతుబరే వచ్చాడు. కండువాతో పీట దులుపుకుని కూర్చుని, "చుట్టాలు పోయినారు" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. నేను నాలుగుసార్లు పెట్టించుకున్నాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వడం అంతకుముందు చూడలేదు. ఇక ఆయన మద్రాసు పోడు అని నేను కూడా నిజంగా సంతోషించాను.

ఆయన శనివారం పొద్దుపోయాక బస్సు దిగాడు, ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారం చర్చి వదలగానే ఊరు ఊరంతా బట్లరు మీద పడింది. మూడు నెలలు తిట్టినవాళ్ళు మెచ్చుకోవడానికి వరస కట్టారు. "ఇన్నాళ్ళు ఏం దాచిపెట్టినావబ్బా" అన్నాడు మేస్త్రి. "నిన్న తిన్న చేపలు మరీ మరీ గుర్తొస్తున్నాయి" అన్నారు పాస్టరు గారు, ప్రసంగం అయిన పది నిమిషాలకి. మోతుబరి నడివీధిలో ఆయన భుజం మీద చేయి వేసి, "మీ ఆడమనిషి చేతిలో ఏముందోగానీ, ఇక నువ్వు పొయ్యి జోలికి పోబాక" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన హోటలుకొచ్చి కోటు విప్పకుండా కూర్చున్నాడు. ఏం జరిగిందో భార్యని అడిగాడు. ఆమె ఏదీ దాచలేదు. దాకలో మిగిలిన పులుసు తెమ్మన్నాడు. చెంచాతో తీసుకుని, బంగళాలో రుచి చూసే పద్ధతిలో, కొంచెంగా నాలుక మీద పెట్టుకున్నాడు. చెంచా పక్కన పెట్టాడు.

"బాగుండాది" అన్నాడు. "నావల్ల కాదు ఇది."

తరవాత నావైపు తిరిగాడు. "అయ్యవారూ, మద్రాసుకి ఇంగ్లీషులో ఒక జాబు రాసిపెట్టాల."

రానని రాయమంటున్నాడనుకుని కాగితం తీశాను. పండగ కాగానే వచ్చి పనిలో చేరతానని రాయమన్నాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. "నువ్వు ఉండాలని గదా చేసింది" అంది.

"తెలుసు. హోటలు నిలబడింది. నీకు దిగులు లేదు" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. "ఇరవై ఏండ్లు నేర్చుకున్న పని ఈడ ఎవురికీ అక్కరలేదు. ఆడ కావాలంటున్నారు. పని లేకుండా కోటేసుకోని గుమ్మంలో నిలబడమంటావా?"

అన్నిటికీ అభిప్రాయమున్న నేను అప్పుడు కలం తీశాను. ఒక్క తప్పు లేకుండా జాబు రాసి, కవరు అంటించి ఇచ్చాను. ఇది తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది. తిట్టినన్నాళ్ళూ ఆ మనిషి నిలబడ్డాడు. మేము పొగిడింది ఒక్క ఆదివారం.

హోటలు బ్రహ్మాండంగా నడిచింది. పలక పోయింది, పీటలు పెరిగాయి, కృష్ణపట్నం నుంచి కూడా పులుసు కోసం మనుషులొచ్చారు. ఆయన మూడు నెలలకో నాలుగు నెలలకో ఒకసారి వచ్చి, రెండు రోజులుండి పోయేవాడు. ఊరివాళ్ళ అభిప్రాయాలకి మాత్రం కరువు రాలేదు. పులుసు సరేగానీ, ఆ బట్లరు కట్లెట్ లాంటిది ఇంకెక్కడా దొరకదని పాస్టరు గారు ప్రార్థన ముగించి చెప్పేవారు. మోతుబరి అవునని తల ఊపేవాడు. మేస్త్రికి సూపు కావాల్సి వచ్చింది.

మరుసటేడు వానల్లో ఒక మధ్యాహ్నం నేను ఆలస్యంగా వెళ్ళాను. అందరూ లేచిపోయారు. ఆమె దాక ఒంపి మిగిలిన ముక్కలన్నీ నా పళ్ళెంలో వేసి, పక్కన పీట మీద కూర్చుంది. ఆకలి మీద ఉన్నాను. రెండు ముద్దలు తినగానే, అలవాటు కొద్దీ నోరు తెరిచాను. "అక్కా, ఈ రోజు పులుసు..."

"ఇంకో ముద్ద పెట్టించుకోండి అయ్యవారూ" అంది ఆమె. "బాగుండాదని మాత్రం అనబాకండి."