చాలుకీ చాలూకీ మధ్య

మొన్న ఆదివారం బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో మా ఇంట మా మనవరాలు మిక్సీలో కొబ్బరి పచ్చడి వేస్తోంది. నేను వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని పర్యవేక్షిస్తున్నాను. డెబ్బై దాటిన మగవాడికి వంటింట్లో దొరికే ఉద్యోగం అదొక్కటే. ఆ పిల్ల మిక్సీ ఆపి, మూత తీసి, చెంచాతో కలిపి నా వైపు చూసింది. పచ్చడి సరిగ్గా నలిగింది. "చాలు" అన్నాను. టక్కున మీట నొక్కేసింది. మూత ఇంకా చేతిలోనే ఉంది. పచ్చడి ఎగిరి పైకప్పుకు అంటుకుంది. పైకప్పు అన్నాను గానీ, నిజానికి గోడ మీది క్యాలెండర్ దాకా వెళ్లింది. వినాయకుడికి ఆ రోజు నైవేద్యం తిన్నగా తొండం మీదనే పడింది. నేను కోప్పడబోతే అదే నా మీద విరుచుకు పడింది: "తాతా, ఆప్‌నే హీ తో చాలూ బోలా!"

చాలూ అన్నది నేనేనట. అదీ నిజమే. తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. హిందీలో చాలూ అంటే నడపమని. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం పుణ్యమా అనే నేను ముప్పై ఏళ్లు ఈ ఊరి రైలు షెడ్డులో యంత్రాల పంతులుగా బతికాను. పెళ్లిళ్లలో, బారసాలల్లో నేను చెప్పే కథ వేరు. అందులో తెల్లదొర నా తెలివికి ముగ్ధుడై, కుర్చీలోంచి లేచి, కరచాలనం చేసి, "ఈ షెడ్డుకి నువ్వే గురువువి" అంటాడు. విన్నవాళ్లు రెండో లడ్డూ నా ఆకులోనే వేసేవారు. ఇప్పుడు పంటితో పాటు లడ్డూ మీద ఆశ కూడా పోయింది కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి మా మేనమామ నన్ను పన్నెండో ఏటనే బిలాస్‌పూర్ తెచ్చి, తన క్వార్టర్‌లో పెట్టుకుని చదివించి, షెడ్డులో ఫిట్టరు పనికి చేర్చాడు. మావయ్య బాయిలర్లు కడిగే ముఠాకి మేస్త్రి. ఇంజను బాయిలర్ కూడా మన ఇంట్లో నీళ్లు కాచే డేగిశా లాంటిదే. కొన్నాళ్లకి అడుగున సున్నం పేరుకుంటుంది. అప్పుడు ఇంజను నిప్పు ఆర్పి, మూలల్లో ఉండే బిరడాలు విప్పి, ఒక కన్నంలోంచి వేడినీళ్లు జోరుగా కొట్టి, ఇంకో కన్నంలోంచి చువ్వతో మడ్డి లాగాలి. నీళ్లు విప్పే చక్రం గోడ అవతల ఉండేది. దాని దగ్గరున్న మనిషికి మేము కనబడం. మా కేక విని తిప్పడమే అతని పని. ఆ రోజు చక్రం దగ్గర ఉన్నది ఇక్కడి పల్లెనుంచి కొత్తగా చేరిన ఛత్తీస్‌గఢీ మనిషి. నాకంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

మావయ్య కన్నంలో చువ్వ దూర్చడానికి వంగి, ఎడమ చెయ్యి ఎత్తాడు. నీళ్లు ఇక ఆపమని సైగ. నేను గోడ వైపు తిరిగి "చాలు!" అని అరిచాను. అరిచినప్పుడు ఎవరికైనా మాట చివర సాగుతుంది కదా. గోడ అవతలికి అది "చాలూ" అని చేరింది. అతను చక్రాన్ని పూర్తిగా విప్పేశాడు. పెళ్లిళ్లలో చెప్పే కథలో నీళ్లు షెడ్డు కప్పుకి తగిలి వానలా కురుస్తాయి. అసలు అవి మోకాలెత్తు కూడా లేవలేదు, తిన్నగా మావయ్య కుడిచేతి మీదకి వచ్చాయి. నేను ఇంకా గట్టిగా "చాలూ, చాలూ!" అని అరుస్తూనే ఉన్నాను.

మర్నాడు ఫోర్‌మన్ దొర విచారణ పెట్టాడు. "తుమ్ క్యా బోలా?" అని నన్నడిగాడు. "చాలు, సర్." అతని వైపు తిరిగి, నువ్వేం విన్నావని, "తుమ్ క్యా సునా?" అన్నాడు. అతను చేతులు కట్టుకుని, నా వైపు తల ఊపి, "ఏ హా చాలూ బోలిస్, సాహబ్" అన్నాడు. రాస్తున్న బెంగాలీ గుమాస్తా కలం ఆపి, రెండూ ఒకటేగా, రెండుసార్లు రాయాలా అని అడిగాడు. దొర మొహం ఎర్రబడింది. "నీకు హిందీ వచ్చా?" అని నన్ను నిలదీశాడు. వచ్చంటే, తెలిసీ ఆ మాట అరిచిన తప్పు నాది, ఫిట్టరుగా ఖాయం కావలసిన వాడిని. రాదంటే తప్పు అతనిది. "నహీ ఆతా, సర్" అన్నాను. సోమవారం తేలుస్తానని, అందాకా పనిలోకి రావద్దని దొర ఆ మనిషిని పంపేశాడు. సోమవారం అతని ఉద్యోగం పోతుందని గుమాస్తాతో సహా అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే అతను మా క్వార్టర్‌కి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. ఆకు దొప్పలో తేనె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, ఎండలో గొంతుక్కూర్చున్నాడు. నన్ను చూసి తల దించుకుని తన భాషలో ఏదో గొణిగాడు. మా అత్తకి తెలుగు తప్ప మరో ముక్క రాదు. "ఏటంతన్నాడురా ఆడు? పాపం, ఎండల కూకున్నాడు" అంది. నేను ఆలోచించకుండా గడగడా చెప్పేశాను: "కాలిన చేతికి తేనె రాయమంటున్నాడు. వాళ్ల ఊరి అడవి తేనెట. తనకి నిజంగా చాలూ అనే వినపడిందట, పిల్లల మీద ఒట్టేస్తున్నాడు."

మంచం మీద పడుకున్న మావయ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. "ఏట్రా అల్లుడా, సాహెబు ముందర హిందీ రాదన్నావట. గుమ్మం కాడికొచ్చీసరికి వచ్చీసిందేటి?"

నేను తేనె దొప్ప తీసి లోపల పెట్టబోయాను.

"గోల్‌బజార్ల జిలేబీ బేరమాడీ హిందీ, ఆపీసుకెల్లీసరికి ఏటైపోనాది?"

"భయమేసింది మావయ్యా."

"నాకేటి భయం నేదా? ఈ సేత్తో మరి సువ్వ పట్టగల్నో నేదో తెల్దు. నీళ్లు నా సెయ్యి కాల్సినాయి. నీళ్లకి నోరు నేదు, పోనీ. నోరున్నోడివి, నువ్వు ఆడి కూడు కాల్సీకు."

అత్త ఆ మనిషిని లోపలికి పిలిచి గంజి పోసింది. తేనె రాస్తుంటే మావయ్య పళ్లు బిగించి నన్నే చూస్తున్నాడు. నేను అక్కణ్ణించి లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియక పెరట్లోకి వెళ్లి అప్పుడే తోడిన బావి నీళ్లు మళ్లీ బావిలో పోసి వచ్చాను.

సోమవారం ఎవరూ పిలవకముందే దొర గదికి వెళ్లాను. "సర్, నాకు హిందీ వచ్చు. నా మాట అతనికెలా వినబడుతుందో నాకు తెలుసు. తప్పు నాది" అన్నాను. దొర లేవలేదు. కరచాలనం లేదు. అరటిపండు తొక్క తీస్తున్నాడు. "హిందీ రాదని నువ్వు హిందీలో చెప్పినప్పుడే నాకు అర్థమైంది" అన్నాడు. "ఎప్పుడొస్తావా అని చూస్తున్నాను." తొక్క కాగితంలో చుట్టి శిక్ష చెప్పాడు. ఖాయం చెయ్యడం ఏడాది వెనక్కి. అతను పనిలోకి వస్తాడు. నేను రోజూ డ్యూటీకి అరగంట ముందొచ్చి, ఆ చక్రం పక్కన నిలబడి, కొత్తవాళ్లకి ఏ మాటకి ఏం తిప్పాలో నేర్పాలి. అదీ నేను గురువునైన ముహూర్తం.

మొదటి పాఠానికి ఏడుగురు వచ్చారు. తెలుగువాళ్లు ముగ్గురు, ఇక్కడివాళ్లు ముగ్గురు, ఒక బెంగాలీ. పాత ఇనపరేకు వెనక సుద్దముక్కతో బాయిలర్ బొమ్మ గీశాను. ఈ షెడ్డులో ఇకనుంచి చాలు అనే మాట నిషిద్ధం, విప్పడానికి "ఖోల్", ఆపడానికి "బంద్" అని రెండు భాషల్లో వాయించాను. నాకే ముచ్చటేసేంత బాగా చెప్పాను. "అర్థమైందా?" అంటే అందరూ తలూపారు. వెనక నిలబడ్డ నా ఛత్తీస్‌గఢీ భయ్యా మాత్రం నవ్వాడు. "అట్లా అడిగితే అందరూ హాఁ అనే అంటారు భయ్యా. ఆ రోజు నేనూ అర్థమైందనే కదా చక్రం తిప్పింది! ఏం విన్నారో అడుగు" అన్నాడు. అడిగాను. ఏడుగురూ ఏడు రకాలుగా చెప్పారు. ఒకడైతే ఖోల్ అంటే బొగ్గు అనుకున్నాడు, ఇంగ్లీషు కోల్ అనుకుని.

భయ్యా అన్న ఆ ముక్కనే నా జీవితమంతా వాడుకున్నాను, నాదే అని చెప్పి. తరవాత నాకు బ్రేకుల పాఠం ఇచ్చారు, బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ పాఠం ఇచ్చారు, పైకప్పూ బెంచీలూ ఉన్న గది ఇచ్చారు. ప్రతి పాఠం చివరా "ఏం విన్నావు? నీ మాటల్లో చెప్పు" అని ఒక్కొక్కణ్ణీ నిలబెట్టేవాణ్ణి. పెద్ద పంతులు కనిపెట్టిన కొత్త పద్ధతి అని పై అధికారులు మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. ఈ వాక్యం రాసేదాకా కాదనలేదు. భయ్యా ఉన్నంత కాలం ఎదురుపడితే "క్యా సునా, గురూజీ?" అని కన్ను గీటేవాడు, అంతే.

మావయ్య కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ మడతపడలేదు. అయినా రిటైరయ్యే దాకా కొత్త ముఠా వచ్చినప్పుడల్లా నా గదికి వచ్చి, ఆ చెయ్యి అందరికీ చూపించి, "ఇదీ మావోడి మొదటి పాఠం" అని కూర్చునేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. కొంచెం వచ్చేది.

మావయ్యా లేడు, భయ్యా లేడు. వినాయకుడి తొండం మీది పచ్చడి తుడిచి, మనవరాలిని నిలబెట్టి, "చాలు అంటే ఏం విన్నావు? నీ మాటల్లో చెప్పు" అని అడిగాను. "తాతకి ఆకలేస్తోందని" అంది. పాఠం నెగ్గింది. ఈ మధ్య మోకాళ్లు పట్టేసిన రోజుల్లో నేను కాలంతో తెలుగులో "చాలు" అంటూ ఉంటాను. అదీ బిలాస్‌పూర్‌లోనే పెరిగింది కాబోలు, హిందీలో విని, ఇంకా తిప్పుతూనే ఉంది.