పాప ఏం పట్టుకుంది

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మావారికి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

గుడివాడలో మాకు వీడియో షాపు ఉండేది. మావారు పెళ్లిళ్లూ ఫంక్షన్లూ తీసేవారు. నేను షాపు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎడిటింగ్ చేసేదాన్ని. సీడీలు వచ్చిన కొత్త రోజులవి. ఇళ్లలో వీసీఆర్‌లు మూలన పడుతుంటే, పాత క్యాసెట్లు సీడీ చేసిపెట్టమని జనం పట్టుకొచ్చేవారు. వీసీఆర్‌ని కంప్యూటర్‌కి కలిపి క్యాసెట్ వేస్తే, అది ఆడినంతసేపూ బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కుతూ ఉంటుంది. క్యాప్చర్ అంటాం దాన్ని. గంట క్యాసెట్‌కి గంటా పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. అందుకని పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఊళ్లోవాళ్ల సంబరాలూ, అలకలూ, అప్పగింతల ఏడుపులూ నేను చూసినన్ని వాళ్ల చుట్టాలు కూడా చూసి ఉండరు.

బంటుమిల్లి వైపు చేపల చెరువులున్న ఒకాయన తన కూతురి అన్నప్రాసన క్యాసెట్ తెచ్చారు. అప్పటికే ఆ పిల్ల బడికి వెళ్తోంది. పిల్ల తల్లి ఎప్పుడో కాపురం వదిలి వెళ్లిపోయిందని, తను మళ్లీ పెళ్లి చేసుకున్నానని ఆయనే చెప్పారు. క్యాసెట్ పారేద్దామంటే, చనిపోయిన వాళ్ల నాన్నగారు కదులుతూ మాట్లాడుతూ ఉన్నది అందులో మాత్రమేనట. నాన్నగారు ఉండాలి, ఆవిడ ఎక్కడా కనపడకూడదు. అదీ ఆయన కోరింది.

నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే సరదా పడ్డాను. పెళ్లికూతుళ్ల మొహాల చుట్టూ హృదయాలు తిప్పీ తిప్పీ విసుగెత్తి ఉన్నాను. ఇన్నాళ్లకి పనితనం చూపించే పని దొరికింది. తల్లి ఒక్కతే ఉన్నచోట కత్తిరించేశాను. పక్కన తాతగారో పాపో ఉంటే కత్తిరించడానికి వీల్లేదు. అక్కడ ఆవిడ మొత్తం కప్పేలా ఒక తామరపువ్వు పెట్టాను. పెళ్లి వీడియోల్లో రేకులు విప్పుకుంటుందే, అదే పువ్వు. ఆవిడ వంగితే పువ్వు వంగేది, జరిగితే జరిగేది. అంత ఓపిగ్గా చేశాను. తాతగారివి తప్ప మాటలన్నీ తీసేసి పాటలు వేశాను. ఆయన చూసి మెచ్చుకుని, పాత క్యాసెట్ కూడా తీసుకెళ్లిపోయారు. దాన్నేం చేస్తారో నాకు తెలుసు, అడగలేదు. కంప్యూటర్‌లో ఎక్కించుకున్న అసలు వీడియోని, తర్వాతి పెళ్లికి చోటు చాలక, నేనే తుడిచేశాను.

ఇక్కడితో అయిపోతే మీకు చెప్పేదాన్ని కాదేమో. అడిగారు, చేశాం అని సరిపెట్టుకునేదాన్ని. సరిపెట్టుకోవడంలో నేను గట్టిదాన్నే.

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె షాపుకొచ్చింది. బ్యాగులోంచి సీడీ తీసి కౌంటర్ మీద పెట్టింది. దాని మీద మా షాపు పేరు, నా చేతిరాత. మావారు ఏదో పెళ్లికి వెళ్లారు.

"ఆంటీ, ఇది మీరే చేశారా?"

"మేమేనమ్మా. ఏం, ఆడట్లేదా?"

"ఆడుతుందాంటీ. ఇందులో పాపని నేనే." సీడీ నా వైపు జరిపింది. "మా అమ్మ నా అన్నప్రాసనకి ముందే నన్నొదిలేసి వెళ్లిపోయిందంట. నమ్మకపోతే సీడీ చూసుకో, ఎక్కడన్నా ఉందేమో అంటుంది మా నాన్నమ్మ."

నేను చేసిన పని ఆ ఇంట్లో ఎందుకు పనికొస్తోందో నాకు అప్పుడు తెలిసింది.

"అన్నం ముట్టించాక చాప మీద అన్నీ పెట్టి నన్ను వదిలారు కదా. పుస్తకం దాటేశాను, బంగారం దాటేశాను. ఈ పెద్ద పువ్వు దగ్గరకెళ్లి ఆగాను. పువ్వు పట్టుకున్నావు అంటారు ఇంట్లో. చాప మీద పూలేమో ఇటుపక్కనున్నాయి. ఈ పువ్వు వెనకాల ఎవరన్నా ఉన్నారా ఆంటీ?"

"ఎవరూ లేరమ్మా. అది డిజైను. అందరికీ పెడతాం."

"అయితే మా అమ్మ రాలేదా?"

"క్యాసెట్‌లో అయితే కనపడలేదమ్మా."

తలూపింది. "థాంక్సాంటీ" అని, సీడీ జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? భయమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, వాళ్ల నాన్న షాపు మీదకొచ్చి గొడవ చేస్తాడని, వాళ్ల చుట్టాల పెళ్లిళ్లన్నీ మావేనని, పచ్చని సంసారంలో నేనెందుకు నిప్పు పెట్టాలని. అవన్నీ సాకులు. ఉన్నారమ్మా అంటే, మరి ఎందుకు కప్పేశారాంటీ అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి ఆ పిల్లకి తల్లిని రెండోసారి లేకుండా చేశాను. మొదటిసారి ఒకరు చెప్తే చేశాను. రెండోసారి ఎవరూ చెప్పలేదు.

బంటుమిల్లి ఎంత దూరం? బస్సెక్కితే వెళ్లిపోవచ్చు. ఎక్కలేదు. ఆ తర్వాత ఉయ్యూరులో ఒక పెళ్లివారికి సీడీలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, మాటల మధ్యలో ఆ పిల్ల తల్లి సంగతి తెలిసింది. పుట్టింట్లోనే ఉండిపోయిందట. జబ్బు చేసి ఈమధ్యనే పోయిందట. అంటే, ఆ అమ్మాయి నా కౌంటర్ ముందు నిలబడ్డ రోజున ఆవిడ ఉయ్యూరులో బతికే ఉంది. ఉందమ్మా, వచ్చిందమ్మా అని నేనొక్క మాట అని ఉంటే, ఆ పిల్ల ఆ రోజు ఏ బస్సు ఎక్కేదో.

ఇప్పుడు ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. షాపు ఎప్పుడో తీసేశాం. మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? ఒక్కసారి నిజం చెప్పాలి, అంతే. అన్నప్రాసన రోజు అక్కడ ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లు చెప్పరు. పువ్వు సరిగ్గా కుదరాలని ఆ కాసింత ముక్కనే ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసినదాన్ని నేను. ఏదీ మర్చిపోలేదు.

ఆకుపచ్చ చీర. చేతిలో పరమాన్నం గిన్నె. పాప పుస్తకం దాటి, బంగారం దాటి, పాకుతూ వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది. అందరూ నవ్వారు. ఆవిడ పాపని ఎత్తి, చాప వైపు తిప్పి కింద కూర్చోబెట్టింది. "నా దగ్గరకెందుకే, అటెళ్లమ్మా," అంది. పాప అటు వెళ్లలేదు. వెనక్కి తిరిగి మళ్లీ ఆవిడ దగ్గరకే వచ్చింది. ఆ రెండోసారిది సీడీలో ఉండదు, అంతకు ముందే కత్తిరించాను.

పాప పువ్వు పట్టుకోలేదు. రెండుసార్లూ వాళ్లమ్మనే పట్టుకుంది.