ఎండలో తడిసిన గొడుగు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ సంగతి విన్నవాళ్ళు "ఇంత జరిగాక కూడానా అండీ?" అని అడుగుతుంటారు. ఇంత జరిగాక కూడా నమ్మను. అలాగని జరిగింది జరగలేదని ఎవరి మొహమాటం కోసమూ చెప్పను.

నమ్మకపోవడానికి నాకు వృత్తిరీత్యా కారణం ఉంది. మాది ఆకివీడులో ఫోటో స్టూడియో. ఫోటోలో దయ్యం ఎలా పడుతుందో నాకు బాగా తెలుసు. అప్పట్లో ఫోటో గాజు ప్లేటు మీద పడేది. వాడిన ప్లేటునే మర్చిపోయి మళ్ళీ వాడితే ఒక మనిషి వెనక ఇంకో మనిషి పొగలా నిలబడతాడు. ఒకాయన ఎక్కడో తీయించుకున్న అలాంటి ఫోటో తెచ్చి, వెనకున్నది చచ్చిపోయిన తన అన్నగారేనని ఊరంతా చూపించాడు. ఆ మధ్యాహ్నమే మావారిని కూర్చోబెట్టి అచ్చం అలాంటిదే తీసి ఆ పెద్దమనిషి చేతిలో పెట్టాను. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

స్టూడియో మావారిది. పెళ్ళయిన ఆరేళ్ళకి ఆయనకి పెద్ద జబ్బు చేసి చేతులు వణకడం మొదలైంది. ఫోకస్ చూసుకోవడం కష్టమైపోయింది. అప్పట్నుంచి కెమెరా నేను పట్టుకున్నాను, ఆయన చీకటి గదిలో మందు నీళ్ళలో ప్లేట్లు కడిగేవారు. "ట్రే ఊపడానికి నా వణుకు బాగానే పనికొస్తోంది సుభద్రా" అని నవ్వేవారు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల కెమెరా పట్టిన ఆడదాన్ని నేను తప్ప ఎవరూ లేరు. వింతగా చూసేవాళ్ళు. చూడనిచ్చేదాన్ని.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఒకటి రెండేళ్ళకి ఏలూరులో రామ్మూర్తిగారు మమ్మల్నందర్నీ పిలిపించారు. ఆయన మాలో పెద్దాయన, ఏలూరులో పేరున్న ఫోటోగ్రాఫరు. భీమడోలు నుంచి రాజుగారు, తాడేపల్లిగూడెం నుంచి సుబ్బారావుగారు వచ్చారు. ఆకివీడు నుంచి మేమిద్దరం వెళ్ళాం.

రామ్మూర్తిగారి ఆలోచన ఇది. నాలుగు ఊళ్ళు, నలుగురు ఫోటోగ్రాఫర్లు, వస్తువు మాత్రం ఒక్కటే. అదే వస్తువు పెట్టి ఎవరి ఊళ్ళో వాళ్ళు తమకు నచ్చిన మనిషిని ఫోటో తీయాలి. స్టూడియోలో తెర ముందు కాదు, ఆరుబయట, ఎండలో. ఆ నాలుగూ ఏలూరు లైబ్రరీ హాల్లో ప్రదర్శనకి పెట్టాలి. ప్రదర్శన నాటికి అందరం కలిసేదాకా ఒకరి ఫోటో ఒకరు చూడకూడదు.

"ఆవిడ కూడానా అండీ?" అన్నారు సుబ్బారావుగారు, నా వైపు చూడకుండా.

"ఆవిడే అండి," అన్నాను నేనే. "మీ ఫోటో పక్కన నాది పెట్టాక మాట్లాడుకుందాం."

వస్తువు ఏమిటా అని చాలాసేపు అనుకున్నాం. కుర్చీ అయితే బస్సుల్లో మోయడం కష్టం. చివరికి గొడుగు అన్నారు రామ్మూర్తిగారు. అందరం కలిసే బజారుకి వెళ్ళి వెదురు పిడి ఉన్న నల్ల గొడుగు కొన్నాం. మారిపోకుండా పిడి మీద ఆయన చాకుతో నాలుగు గీతలు పెట్టారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ప్రతివాళ్ళూ నన్ను "ఆ గొడుగు ఎవరిదండీ? ఎలా పోయారండీ వాళ్ళు?" అని అడిగారు. ఎవరిదీ కాదు. దుకాణంలో కాగితం చుట్టు విప్పి ఇచ్చిన కొత్త గొడుగు. దాని వెనక ఎవరి చావూ లేదు.

అది వైశాఖ మాసం. ఎండలు మండిపోతున్నాయి. గొడుగు ముందు ఏలూరులో ఉంది, తర్వాత భీమడోలు వెళ్ళింది, అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం. అన్ని రోజుల్లో ఎక్కడా ఒక్క చినుకు పడలేదు. గూడెం నుంచి సుబ్బారావుగారు స్వయంగా తెచ్చి ఇచ్చారు. మంచినీళ్ళు తాగారు గానీ కాఫీకి ఆగలేదు. "త్వరగా తీసేసి ఏలూరు పంపించెయ్యండి" అని వెళ్ళిపోయారు. నేనంటే పడదు కదా, అందుకేననుకున్నాను.

నేను ఎంచుకున్న మనిషి నూకాలమ్మ. కొల్లేటి ఒడ్డున ఊరు. అప్పటికి రెండేళ్ళ కిందట గాలివానకి కొల్లేట్లో దోనె తిరగబడి మొగుడు పోయాడు. దోనె తమకివ్వమని మరుదులు అడిగితే ఇవ్వలేదు. తనే గెడ వేసుకుంటూ వెళ్ళి చేపలు పట్టి ఆకివీడు తెచ్చి అమ్మేది. ఎవరైనా ఏమైనా అంటే తట్ట దించి మరీ సమాధానం చెప్పి వెళ్ళేది. నాకు ఆవిడంటే గౌరవం.

"ముండమోపిదాన్ని, నాకు పోటో ఏంటండీ అమ్మగారూ?" అంది ముందు. అని, కాసేపాగి, "ఏ చీర కట్టుకోమంటారు?" అంది.

ఆ వేసవికి కొల్లేరు బాగా వెనక్కి పోయింది. వాళ్ళ ఊరి ముందు నేలంతా ఎండి పగుళ్ళు తేలి ఉంది. పొద్దున్న తొమ్మిది దాటాక ఆ పగుళ్ళ మీద నూకాలమ్మని నిలబెట్టాను. గొడుగు లేకుండా ఒక ప్లేటు, వేసుకుని రెండు ప్లేట్లు తీశాను. గొడుగు నేనే తెరిచి ఆవిడ చేతికిచ్చాను. బట్ట ఎండకి కాలి వేడిగా ఉంది. ఆ వేడి నా అరచేతికి తెలిసింది. ఇది నేను ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ మధ్యాహ్నమే మావారు ప్లేట్లు కడిగారు. ఆరాక ప్రింటు వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ట్రేలో ముందు గొడుగు నలుపు తేలింది, తర్వాత నూకాలమ్మ మొహం. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆగిపోయింది. వణుకుతో సహా ఆగింది. జబ్బు చేశాక అలా నిలిచిన చెయ్యి నేను చూడలేదు.

గొడుగు తడిసి ఉంది. బట్ట అంతా నీటి చుక్కలు, ఊచల చివర్ల నుంచి కారుతున్న ధారలు. కింద నేల మాత్రం పగుళ్ళతో అలాగే ఉంది. నూకాలమ్మ నీడ గట్టిగా, నల్లగా పడి ఉంది. అంటే ఎండా ఉంది, వానా ఉంది, వాన గొడుగు మీద మాత్రమే ఉంది.

మందు మరకలనుకున్నాను. రెండో ప్లేటు ప్రింటు వేశాం. అందులోనూ తడే. పైగా చుక్కలు వేరే చోట్ల ఉన్నాయి. ఒక ధార తెగి నూకాలమ్మ మోచేతి మీద పడి చిట్లింది. గొడుగు లేని ప్లేటు శుభ్రంగా ఉంది. మరకలైతే మూడింటి మీదా ఉండాలి కదా! లెన్సు తుడిచాను. కొత్త పెట్టెలోంచి ప్లేటు తీసి, పెరట్లో దండేనికి గొడుగు ఒక్కదాన్నే తెరిచి కట్టి, ఎండలో ఫోటో తీశాను. మళ్ళీ తడే.

"గొడుగు పంపించేద్దాం సుభద్రా," అన్నారు మావారు. "ప్రింటు మీద నల్ల సిరా అద్దితే చుక్కలు కనపడవు."

"నేను తప్పుగా తీస్తే అద్దండి. నేను తప్పు తీయలేదు," అన్నాను.

ఫోటోలో ఉన్న మనిషికి చెప్పకుండా దాచడం న్యాయం కాదని ప్రింటు తీసుకుని నూకాలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చాలాసేపు చూసింది. ఈలోగా మరిది వచ్చి చూశాడు. అన్నని మింగిన నీళ్ళే ఇవి, వదినని పిలుస్తున్నాయి, ఈ ఫోటో చింపి దాని గాజు ప్లేటు పగలగొట్టాల్సిందేనని కేకలేశాడు. నలుగురూ పోగయ్యారు. నాకు నిజంగానే భయం వేసింది, దయ్యానికి కాదు, ఆ మనుషులకి.

నూకాలమ్మ ప్రింటు గుండెకి ఆనించుకుంది. "పుట్టి బుద్దెరిగాక నాకున్న పోటో ఇదొక్కటే. మీ అన్న పోయినప్పుడు ఆయన మొకం చూసుకోడానికి ఒక్క కాయితం ముక్క లేదు. దీన్ని ఎవడు ముట్టుకుంటాడో రండి," అంది. ఎవరూ రాలేదు.

ప్రదర్శన ముందు రోజు ఏలూరు వెళ్ళాం. లైబ్రరీ హాల్లో బల్ల మీద మిగతా మూడు ఫోటోలూ పెట్టి ఉన్నాయి. ఏలూరుది జట్కా తోలే ముసలాయన. భీమడోలుది స్టేషన్లో రైలు కోసం చూస్తున్న ఒక తల్లి. గూడెంది బస్తాల మీద కూర్చున్న ధాన్యం వ్యాపారి. గొడుగులు మూడూ నల్లగా, నున్నగా ఉన్నాయి. అంటే నాకొక్కదానికేనా?

కానీ మరీ నున్నగా ఉన్నాయి. ఎండలో గొడుగు బట్ట మీద మడతలన్నా మెరవాలి. జట్కా ఫోటో తీసుకెళ్ళి కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూశాను. గొడుగు ఉన్నంత మేరా కాగితం మెరుపు చచ్చిపోయి ఉంది. సిరా! సన్న కుంచెతో, ఎంతో ఓపికగా, చుక్క చుక్కకీ అద్దిన సిరా. మిగతా రెండూ పట్టుకుని చూశాను. అవీ అంతే.

నా ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. రామ్మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీకూ వచ్చిందా అమ్మా?" అన్నారు.

అప్పుడు బయటపడింది. రామ్మూర్తిగారు తన చెయ్యి తప్పిందనుకున్నారట. రాజుగారు ప్లేట్ల పెట్టె పాడైందనుకున్నారు. సుబ్బారావుగారు ఏమీ అనుకోలేదు, ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి గొడుగు నాకు అప్పగించారు. ఎవరికి వారు పరువు పోతుందని నోరు మూసుకుని సిరా అద్దుకున్నారు.

"మీదీ అద్దెయ్యండి," అన్నారు సుబ్బారావుగారు. "రేపు జనం చూశారంటే ఇంక మన స్టూడియోల మెట్లు ఎక్కరు. పెళ్ళిళ్ళకి పిలవరు. మీరొక్కరే కాదు, మేమంతా మునుగుతాం."

ఆయన భయం అబద్ధం కాదు. ఆయనకి పెద్ద సంసారం ఉంది. అది తెలిసినా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

"నా కెమెరా ముందు ఏది ఉందో నాకు తెలియదు సుబ్బారావుగారూ. ప్లేటు మీద ఏది పడిందో తెలుసు. పడింది పడినట్టు పెడతాను. ఇక్కడ మేకు దొరక్కపోతే బయట గోడకి కొట్టుకుంటాను," అన్నాను.

రామ్మూర్తిగారు లేచి, "నా ప్లేటు ఇంట్లో భద్రంగానే ఉంది. ప్రింటు మళ్ళీ వేసుకొస్తాను," అని చెప్పులు వేసుకున్నారు. రాజుగారు సాయంత్రం రైలుకి భీమడోలు వెళ్ళి మర్నాడు పొద్దున్నకల్లా తడిసిన గొడుగుతో వచ్చేశారు. సుబ్బారావుగారు మాత్రం తన నున్నటి గొడుగే పెట్టారు. అది ఆయన ఇష్టం.

జనం బాగానే వచ్చారు. ఎవరూ కేకలు పెట్టలేదు, పారిపోలేదు. ఎక్కువమంది అడిగింది, "ఎండ కాస్తూ వాన పడినప్పుడు భలే పట్టారండీ, ఏ ఊళ్ళో?" అని. మేం నిజం చెప్పాం. కొందరు నమ్మారు, కొందరు నవ్వారు. సుబ్బారావుగారు భయపడ్డట్టు పెళ్ళిళ్ళకి పిలవడం మానినవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడాది మాకు మూడు పెళ్ళిళ్ళు పోయాయి. పోతే పోయాయి.

నూకాలమ్మ రెండో రోజు ఒక్కతే రైలెక్కి వచ్చింది, అదే చీర కట్టుకుని. తన ఫోటో కింద నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "నేనేనండి, నేనే" అని చెప్పింది. ఎవరో "భయం వెయ్యలేదా?" అంటే, "నీల్లంటే బయపడితే నాకు కూడెవరు పెడతారండీ?" అంది. తర్వాత ముప్పై ఏళ్ళ పైన బతికింది. మంచం మీదే, ముసలితనం వచ్చి పోయింది. నీళ్ళు పిలిచాయన్నవాళ్ళు దీనికేమంటారో నాకు తెలియదు.

అయినా జట్కా ముసలాయన ఏ నీళ్ళలో ఎవరిని పోగొట్టుకున్నాడు? భీమడోలు తల్లి? నేను కనుక్కున్నాను. ఎవరినీ పోగొట్టుకోలేదు.

గొడుగు ఎవరూ తీసుకోనంటే నేనే తెచ్చుకున్నాను. ఎండలో ఫోటో తీశాను, నీడలో తీశాను, వేరే కెమెరాతోనూ తీశాను. ప్రదర్శన అయిన తర్వాత ఒక్కసారి కూడా తడి కనపడలేదు. ఎందుకు వచ్చిందో తెలియదు, ఎందుకు ఆగిందో అంతకన్నా తెలియదు. ఫోటో ప్లేట్ల కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాం, ప్రింటు కూడా జతచేసి. ప్లేట్లలో లోపమేమీ లేదనీ, వానలో తీసిన చిత్రం చక్కగా వచ్చిందనీ జవాబు రాశారు.

ఆ గొడుగుని బట్ట చిరిగేదాకా వానాకాలంలో వాడుకున్నాను. భయపడి మూల పెట్టలేదు. నాకు తెలియనిదాన్ని దయ్యం అనను, తెలిసినట్టు నటించనూ నటించను. అనుమానం ఉన్నవాళ్ళు మా ఇంటికి రండి. ప్లేట్లు పెట్టెలో ఉన్నాయి. కిటికీ దగ్గర, మంచి వెలుతురులో, మీ కళ్ళతో మీరే చూసుకోండి.